వగరుగా ఉంటే వైన్ పాడైనట్టు కాదు

ప్రశ్న: ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చి ఏడాదైంది. మా ఇంటి ఓనరమ్మ వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనానికి పిలిచారు. బాతు కాన్ఫీ చేస్తారట. దానికి కాఓర్ ప్రాంతపు రెడ్ వైన్ బాగుంటుందని ఆఫీసులో చెప్పారు. ఇచ్చే ముందు రుచి తెలుసుకుందామని ఒక సీసా కొని, రాత్రి భోజనమయ్యాక ఒక గుక్క తాగాను. పచ్చి జామకాయ కొరికినట్టు నోరంతా పట్టేసింది. ఇదివరకు తాగిన అర్జెంటీనా మాల్బెక్ మెత్తగా ఉండేది. ఇదీ అదే ద్రాక్ష అంటున్నారు. నా సీసా పాడైందా? పెద్దావిడకు ఇలాంటిది ఇవ్వాలంటే టెన్షన్‌గా ఉంది.
– పాఠకుడు, తులూజ్

జవాబు: మీ సీసా పాడవలేదు. పాడైన వైన్ ముక్కుకే పట్టుబడుతుంది. బిరడా వల్ల చెడితే తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, పులిసిపోతే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. మీరు వాసన గురించి ఒక్క మాటా రాయలేదు, వగరు గురించే రాశారు. ఆ వగరు కాఓర్ స్వభావం. మీరు తాగిన వేళే సరైనది కాదు.

పన్నెండేళ్ల కిందట తులూజ్‌లో చదువుకునేటప్పుడు నాకూ ఇదే అనుభవం. స్నేహితురాలి అమ్మమ్మగారిది లోట్ నది ఒడ్డున ఒక పల్లె. ఆవిడ గ్లాసులో పోసిన వైన్‌ను మర్యాద కోసం ఒక గుక్క తాగి పక్కన పెట్టాను. ఆవిడ అది చూసి నా పళ్లెంలో బాతు కాలు పెట్టి, ముందు ఆ కరకరలాడే తోలు తినమన్నారు. ‘నమిలి మింగాక, పెదవుల మీద జిడ్డు ఉండగానే తాగు’ అన్నారు. అలాగే చేశాను. నోరు పట్టేసిన ఆ వైనే ఇప్పుడు నల్ల రేగుపళ్ల రసంలా జారిపోయింది. జిడ్డూ పోయింది, మళ్లీ ఒక ముద్ద తినాలనిపించింది. వైన్ గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే.

జరిగేది ఇది. ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో టానిన్లు ఉంటాయి. అవి మన లాలాజలంలోని ప్రొటీన్లకు అతుక్కుని నోటిలోని జారుడుతనాన్ని లాగేస్తాయి. అందుకే చిగుళ్లు, నాలుక గరుకుగా అనిపిస్తాయి. నోట్లో మాంసం, కొవ్వు ఉంటే టానిన్లు వాటిని కూడా పట్టుకుంటాయి, మన లాలాజలం మీద దెబ్బ తగ్గుతుంది. ఉప్పు కూడా వగరును కాస్త అణుస్తుంది. కాన్ఫీ అంటే ఉప్పు పట్టించిన బాతు కాళ్లను బాతు కొవ్వులోనే మెల్లగా ఉడికించిన వంట. అంటే ఈ వైన్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. వెల్లుల్లితో, బాతు కొవ్వులో వేయించిన బంగాళాదుంపలు పక్కన ఉంటే ఇంకా మంచిది. చల్లటి రోజుల్లో తెల్ల చిక్కుడు గింజలతో వండే కసూలేకు కూడా నేను వేరే వైన్ వెతకను. ఫోయ్‌గ్రా, అంటే కొవ్వు పట్టించిన బాతు కాలేయంతో మాత్రం వద్దు. దానికి తీపి తెల్ల వైన్ పెట్టడమే అక్కడి అలవాటు, ఆ అలవాటు సరైనదే.

అర్జెంటీనా సంగతి: మాల్బెక్ అక్కడికి వెళ్లింది ఫ్రాన్స్ నుంచే, 19వ శతాబ్దంలో. అక్కడి మెండోసా ప్రాంతపు ఎండలో, ఎత్తు ప్రదేశంలో పండినప్పుడు పండు తీపి ముందుకొచ్చి టానిన్ మెత్తబడుతుంది. కాఓర్ కథ వేరు. తులూజ్‌కు ఉత్తరంగా, పాములా మెలికలు తిరిగే లోట్ నది పక్క మెట్ల నేలల మీద, పైన కోస్ అనే సున్నపురాతి పీఠభూమి మీద అక్కడి తోటలున్నాయి. 1956 ఫిబ్రవరి చలికి ఆ తీగలు దాదాపు అన్నీ చచ్చిపోతే రైతులు మళ్లీ నాటుకున్నారు. 1971లో ఏఓసీ, అంటే ఫలానా ప్రాంతపు వైన్ అనే అధికారిక గుర్తింపు వచ్చింది. కనీసం 70 శాతం మాల్బెక్ ఉండాలన్నది నిబంధన, మిగతాది మెర్లో, తనా. మాల్బెక్‌లాగే తనా కూడా గట్టి టానిన్ ఉన్న ద్రాక్షే. నది ఒడ్డు నేలల వైన్లు కాస్త మెత్తగా, కోస్ మీదివి బిగువుగా ఉంటాయని అక్కడివాళ్లు అంటారు, నా నోటికీ అలాగే తెలిసింది.

ఆదివారానికి నాలుగైదేళ్లు పాతబడిన సీసా అడిగి తీసుకోండి. ఒక మాట: ఫ్రాన్స్‌లో పిలిచినవాళ్లు వైన్ ముందే ఎంచి పెట్టుకుంటారు. మీ సీసా ఆ రోజు తెరవకపోతే బాధపడకండి. అన్నంతోపాటే తాగాలని మీ కోరికైతే రెండు రోజుల ముందే ఆవిడకు చెప్పండి. బిరడా తీసి సీసాను అలా ఉంచడం వల్ల పెద్ద లాభం లేదు, మెడ దగ్గర మాత్రమే గాలి తగులుతుంది. గంట ముందు కారాఫ్ అనే గాజు కూజాలో, అది లేకపోతే మంచినీళ్ల జగ్గులోనైనా వంపండి. 16 నుంచి 18 డిగ్రీలు చాలు. గది వేడిగా ఉంటే పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, వేడెక్కిన కాఓర్‌లో ఆల్కహాల్ ఒక్కటే తెలుస్తుంది. గ్లాసు మూడో వంతే నింపి, తిప్పి, వాసన చూడండి. నల్ల పళ్లు, వయొలెట్ పువ్వు, అతిమధురం తగులుతాయి. మీ ఇంట్లో మిగిలిన సీసాను రేపు గట్టి చీజ్ ముక్కతో మళ్లీ రుచి చూడండి.

ప్రశ్న: నేను మాంసం తినను, వైన్ తాగుతాను. కాఓర్ నాకు పనికిరాదా?
– పాఠకురాలు, లియోన్

జవాబు: చక్కగా పనికొస్తుంది. వెన్నలో వేయించిన సెప్ పుట్టగొడుగులు, అక్రోట్లు, బంగాళాదుంప గుజ్జులో తోమ్ చీజ్ సాగేలా కలిపిన అలిగో, బాగా మాగిన కంతాల్ చీజ్: వీటిలో కొవ్వో, ప్రొటీనో ఉంది కాబట్టి వగరు అణుగుతుంది. రోకమదూర్ మేక చీజ్ అదే ఊళ్ల చీజే అయినా నాకు నచ్చదు, ఆ పులుపు మీద వైన్ చేదెక్కుతుంది. మిరపకారం అసలు వద్దు, వగరూ మంటా రెండూ పెరుగుతాయి. రెండు జాగ్రత్తలు: కంతాల్‌ను దూడ కడుపు నుంచి తీసిన రెనెట్‌తో తోడుపెడతారు. కొన్ని రెడ్ వైన్లను గుడ్డు తెల్లసొనతో తేరుస్తారు, ఆ ప్రొటీన్ కొంత టానిన్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది. అవి మీకు అభ్యంతరమైతే వీగన్ అని రాసి ఉన్న సీసాలు, వెజిటేరియన్ రెనెట్ చీజ్ అడగండి.

ప్రశ్న: కాఓర్‌లో తోటకు వెళ్లి రుచి చూసి ఉమ్మేస్తే తప్పుగా అనుకుంటారా? కారు నేనే నడపాలి.
– పాఠకుడు, బోర్దో

జవాబు: అనుకోరు. ఉమ్మడానికే క్రాష్వార్ అనే గిన్నె పక్కన పెడతారు. ఫ్రాన్స్‌లో డ్రైవర్‌కు రక్తంలో లీటరుకు 0.5 గ్రాములు పరిమితి, కొత్త లైసెన్సువాళ్లకు 0.2 మాత్రమే. నోటినిండా తిప్పి, వగరు చిగుళ్లకు తగిలాక ఉమ్మేయండి. మధ్యలో ఒక రొట్టె ముక్క నమలండి, లేకపోతే నాలుగో గ్లాసుకు అన్నీ ఒకేలా ఉంటాయి.