ఆ డీవీడీని ఇంకోసారి లోపల పెట్టే ముందు

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న నువ్వు ఫోనులో చెప్పినదంతా విన్నాక రాత్రి సరిగా నిద్ర పట్టలేదమ్మా. తాతయ్య షష్టిపూర్తి డీవీడీ పెడితే కంప్యూటర్ కాసేపు గరగరలాడి, డిస్కు పెట్టమని అడుగుతోందని చెప్పావు. దుకాణంలో చూపిస్తే డ్రైవ్ పోయింది, మార్చాలి అన్నారని చెప్పావు. పొద్దుటి నుంచి పది పదిహేను సార్లు మళ్లీ మళ్లీ పెట్టి చూస్తున్నానని కూడా అన్నావు. ఆ చివరి మాటకే నాకు భయం వేసింది. ఈ ఉత్తరం ఇక్కడే ఆపి ముందు ఆ డిస్కును బయటికి తీసి డబ్బాలో పెట్టు. మిగతాది తరువాత చదువు.

తరువాత డబ్బాలోంచి తీసేటప్పుడు కూడా జాగ్రత్త. డబ్బా మధ్యలో డిస్కును పట్టి ఉంచే పళ్లను వేలితో నొక్కితే డిస్కు దానంతట అదే లేస్తుంది. అంచు పట్టుకుని లాగితే విల్లులా వంగుతుంది. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల మందం ఉన్న రెండు పలకలను అతికించిన వస్తువు. సమాచారం ఆ రెండింటి నడుమ ఉంటుంది. పదే పదే వంచితే ఆ అతుకు వదులుతుంది.

సీడీ నిర్మాణం వేరు. అందులో సమాచారం ఉన్న పొర పైవైపున, పేరు రాసుకునే ముఖం కిందే, పలుచని లక్క పూత చాటున ఉంటుంది. ఇది తెలియక నేను పోగొట్టుకున్నది నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నానమ్మ పాడిన మంగళహారతులను 2003లో నేనే ఒక సీడీలో రాసి, పైన కాగితం స్టిక్కర్ అంటించాను. కొన్నేళ్లకు స్టిక్కర్ అంచు లేచి డ్రైవ్‌లో తగులుతుంటే, శుభ్రంగా ఉంటుందని మొత్తం ఒలిచేశాను. స్టిక్కర్‌తో పాటు వెండి పొర కూడా పెచ్చులుగా ఊడి వచ్చింది. డిస్కును దీపానికి ఎదురుగా పట్టుకుంటే అవతలి వెలుగు కనిపించింది. కింది ముఖం మీద ఒక్క గీత కూడా లేదు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్లు. అందుకే ఈ డీవీడీ విషయంలో ఇంతగా చెబుతున్నాను. దాని మీద ఏదైనా అంటించి ఉంటే, అలాగే ఉంచు.

ఇక పనిలోకి వద్దాం. దుకాణంవారి మాట నిజం కావచ్చు, కాకపోవచ్చు. డ్రైవ్ పోయిందని ఒక్క డిస్కుతో తేల్చకూడదు. ఇంట్లో పోయినా బాధ లేని డిస్కులు మూడు ఏరు. ఒకటి కొనుక్కున్న సినిమా డీవీడీ, ఒకటి ఇంట్లో రాసిన డీవీడీ, ఒకటి పాటల సీడీ. కంపెనీలో అచ్చు వేసిన డిస్కుకు కింది ముఖం వెండిలా మెరుస్తుంది. ఇంట్లో రాసిన డీవీడీకి ఊదా రంగు ఛాయ ఉంటుంది. వీటిని ఒక్కొక్కటిగా పెట్టి ఏది చదివిందో, ఏది చదవలేదో కాగితం మీద రాసుకో. కాలేజీ ల్యాబ్‌లో పని చేసిన ముప్పై ఏళ్లూ నేను చేసింది ఇదే. రాసుకోకపోతే రెండు గంటల తరువాత ఏ డిస్కు ఏమన్నదో గుర్తుండదు.

మూడూ చదివితే డ్రైవ్ బాగానే ఉంది, లోపం షష్టిపూర్తి డిస్కులోనే ఉంది. మూడూ చదవకపోతే డ్రైవ్‌ను అనుమానించాలి. సీడీ చదివి డీవీడీలు చదవకపోతే, అదే అన్నింటికన్నా ఎక్కువ విషయం చెప్పే ఫలితం. సీడీకి వాడే లేజరు 780 నానోమీటర్లది, కంటికి కనిపించదు. డీవీడీకి వాడేది 650 నానోమీటర్ల ఎర్రని వెలుగు. ఒకే లెన్స్ వెనుక రెండు వేర్వేరు లేజర్లు ఉంటాయి, ఒకటి బలహీనపడినా రెండోది పని చేస్తూనే ఉండవచ్చు. అలాగే వెండి డిస్కులు చదివి ఊదా రంగువి చదవకపోతే, లెన్స్ మీద మసక పట్టడమో లేజరు అలసిపోవడమో జరిగి ఉండవచ్చు. రాసిన డిస్కుల నుంచి తిరిగి వచ్చే వెలుగు సాధారణంగా తక్కువ, అందుకే ముందు ఇబ్బంది పెట్టేవి అవే.

డిస్కులోని ఫైళ్లు కనిపిస్తూ వీడియో మాత్రం నడవకపోతే కంగారు పడవద్దు. విండోస్ 8 నుంచి డీవీడీ వీడియోను చూపే ఏర్పాటు విండోస్‌తో పాటు రావడం లేదు. వీఎల్‌సీ ప్లేయర్ పెట్టుకుంటే సరిపోతుంది. ఈ ఒక్క కారణంతో మంచి డ్రైవులను పారేసిన ఇళ్లు నేను చూశాను.

అసలు కంప్యూటర్‌లో డ్రైవ్ గుర్తే కనిపించకపోతే దారి వేరు. కంప్యూటర్ ఆన్ చేసిన వెంటనే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ కన్నా ముందు వచ్చే అమరికల తెరలోకి వెళ్లి, అక్కడ డ్రైవ్ పేరు ఉందో లేదో చూడు. అక్కడ ఉండి విండోస్‌లో లేకపోతే గొడవ సాఫ్ట్‌వేర్‌ది. విండోస్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవ్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటర్‌ను మళ్లీ ఆన్ చేస్తే చాలాసార్లు తిరిగి వస్తుంది. అప్పటికీ రాకపోతే, పాత డిస్కు రైటింగ్ సాఫ్ట్‌వేర్‌లు రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన అమరికలు దాచుకునే చోట, వదిలివెళ్లిన అప్పర్ ఫిల్టర్స్, లోయర్ ఫిల్టర్స్ అనే గుర్తులు కారణం కావచ్చు. వాటి జోలికి నువ్వు ఒక్కదానివే వెళ్లవద్దు, నేను ఫోనులో ఉండి చేయిస్తాను. బయోస్‌లో కూడా పేరు లేకపోతే కేబినెట్ తెరవాలి.

కరెంటు ప్లగ్గు పూర్తిగా తీసేసి, కేబినెట్ ఇనుప రేకును ఒకసారి చేత్తో తాకి, తరువాతే లోపలికి చేయి పెట్టు. డ్రైవ్ వెనుక రెండు సాటా తీగలు ఉంటాయి. సన్నగా ఉన్న ఏడు పిన్నులది మదర్‌బోర్డుకు వెళుతుంది. వెడల్పుగా ఉన్న పదిహేను పిన్నులది కరెంటు అందించే పెట్టె, ఎస్‌ఎంపీఎస్ నుంచి వస్తుంది. రెండూ తీసి గట్టిగా తిరిగి బిగించు. సన్న తీగ పాతదైతే కొత్తది వేసి చూడు, దాని ధర చాలా తక్కువ. ఒక్కసారికి ఒక్కటే మార్చు. తీగ, పోర్టు, డిస్కు అన్నీ ఒకేసారి మార్చి పని చేయించుకుంటే, ఏది బాగుచేసిందో తెలియక రేపు మళ్లీ మొదటికి వస్తావు.

ట్రే బయటికి రాకపోతే ముందు పలకలో చిన్న రంధ్రం ఉంటుంది. కంప్యూటర్ ఆపేసి, జెమ్ క్లిప్పును నిటారుగా చేసి అందులోకి నెమ్మదిగా నెడితే ట్రే కొద్దిగా బయటికి వస్తుంది. తెరిచిన ట్రే వెంటనే దానంతట అదే మూసుకుపోతుంటే, లోపలి రబ్బరు బెల్టు సాగి ఉండవచ్చు.

లెన్స్ శుభ్రం చేయడం గురించి నువ్వు ప్రత్యేకంగా అడిగావు. లెన్స్ శుభ్రం చేస్తామంటూ కుచ్చు అంటించిన డిస్కులు అమ్ముతారు, వాటి మీద నాకు నమ్మకం లేదు. ఆ చిన్న గాజు సన్నని తీగల మీద వేలాడుతూ ఉంటుంది. వేగంగా తిరిగే కుచ్చు దాన్ని ఎటు లాగుతుందో మన చేతిలో ఉండదు. మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో అయితే ఈ పని తేలిక, ట్రే తెరవగానే లెన్స్ ట్రే మీదే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌ను ఆపి, కెమెరావాళ్లు వాడే రబ్బరు బుడ్డితో దుమ్ము ఊదు. నోటితో ఊదితే తుంపర పడుతుంది. కాటన్ బడ్ కొనకు ఒక్క చుక్క ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది, పసిపిల్ల కంటికి కాటుక పెట్టినంత సున్నితంగా ఒకటి రెండు సార్లు తాకించి, ఆరనివ్వు. సెంటు, నీళ్లు, కళ్లద్దాలు తుడిచే ద్రవాలు వద్దు.

డెస్క్‌టాప్ డ్రైవ్‌లో లెన్స్ లోపల ఉంటుంది. డ్రైవ్‌ను బయటికి తీసి, అడుగున ఉన్న నాలుగు స్క్రూలు విప్పాలి. నీకు చేయి తిరిగి ఉంటే చేయి, లేకపోతే వదిలేయి. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. మూత తీసిన డ్రైవ్‌కు కరెంటు ఇవ్వవద్దు, లెన్స్‌లోకి తొంగిచూడవద్దు. సీడీ లేజరు కంటికి కనిపించదు కాబట్టి అది వెలుగుతోందని నీకు తెలియదు, కన్ను మాత్రం దెబ్బతింటుంది.

డ్రైవ్ సరైందని తేలాక మన డిస్కు దగ్గరికి రా. లైటు కింద వాల్చి పట్టుకుని చూడు. మధ్య రంధ్రం చుట్టూ వెంట్రుకవాసి పగులు కనిపించినా దాన్ని ఏ డ్రైవ్‌లోనూ పెట్టవద్దు. కంప్యూటర్ డ్రైవులు డిస్కును నిమిషానికి వేల చుట్లు తిప్పుతాయి, పగిలిన డిస్కు లోపలే ముక్కలు కావచ్చు. అలాంటప్పుడు నేరుగా నాకు ఫోను చేయి. పగులు లేకపోతే, వేలిముద్రలూ దుమ్మూ మాత్రమే ఉంటే, మెత్తని పొడి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తిన్నగా తుడువు. గుండ్రంగా తుడవవద్దు. సమాచారం చుట్లు చుట్లుగా ఉంటుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి ముక్కను మాత్రమే చెరుపుతుంది, దాన్ని డ్రైవ్ లెక్క కట్టి పూరించుకోగలదు. చుట్టు వెంబడి పడిన గీత ఒకే చోట చాలా సమాచారాన్ని మింగేస్తుంది. టూత్‌పేస్టు రుద్దమని ఎవరైనా చెబితే వినవద్దు.

ఆ తరువాత ఆ డిస్కును వీడియో చూడడం కోసం పెట్టవద్దు, కాపీ చేయడం కోసమే పెట్టు. చదివినా చదవకపోయినా ఒక్కో డ్రైవ్‌లో ఒక్క ప్రయత్నం చాలు. సాధారణంగా ఫైళ్లు లాగి వేసుకుంటే, చెడిన చోటు రాగానే విండోస్ ఆగిపోతుంది. దానికి మంచి ఉపాయం, విండోస్‌కు బదులు వాడే లైనక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం. అది ముందు బాగున్న భాగాలన్నీ తీసుకుని, చెడిన చోట్లను చివరికి వదిలి, తరువాత వాటి మీద మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి, ఆ ఫైలును ఉంచుకుని అదే డిస్కును వేరే డ్రైవ్‌లో పెట్టి మిగిలిన ముక్కలను పూరించవచ్చు. ఒక డ్రైవ్ చదవని చోటును మరొకటి చదవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే ముందు డెస్క్‌టాప్‌లో, తరువాత అన్నయ్య ల్యాప్‌టాప్‌లో చేయి. అన్నయ్య ల్యాప్‌టాప్ అమెరికాది కాబట్టి ఇక్కడ కొన్న సినిమా డీవీడీలు కొన్ని అందులో నడవకపోవచ్చు. సినిమా డీవీడీలకు ప్రాంతాన్ని బట్టి రీజియన్ సంఖ్య ఉంటుంది, అక్కడిది 1, మనది 5. మార్చమని అడిగితే మార్చవద్దు, మొత్తం అయిదు సార్లే అవకాశం ఉంటుంది. మన ఇంటి వీడియోకు ఆ అడ్డంకి ఉండదు.

ఒకే పొర ఉన్న మామూలు డీవీడీ 4.7 గిగాబైట్లకు మించదు, పెన్‌డ్రైవ్‌లో సులువుగా పడుతుంది. ఒకటి నీ దగ్గర ఉంచి, ఒకటి మీ నాన్నకు ఇచ్చి, ఒకటి నాకు పంపు. మూడు చోట్ల ఉన్నాక డిస్కును పారేయవద్దు, ఎండ తగలని బీరువాలో నిలువుగా నిలబెట్టు.

రెండు డ్రైవుల్లోనూ చదవకపోతే ఇంకేమీ చేయవద్దు. గట్టి డబ్బాలో పెట్టి, చుట్టూ గుడ్డ చుట్టి, ఈ నెలాఖరుకు రాజమండ్రి వస్తున్న మీ నాన్న చేతికి ఇవ్వు. కొరియర్‌కు ఇవ్వవద్దు. నా దగ్గర మూడు పాత డ్రైవులు పని చేస్తూ ఉన్నాయి, వాటిలో ఒకటి గీతలు పడిన డిస్కులను బాగా చదువుతుంది.

కాపీ అయితే మాత్రం, ఎంత రాత్రి అయినా నాకు ఫోను చేయి. చివరి భాగంలో, భోజనాలయ్యాక తాతయ్య వరండాలో కూర్చుని నిన్ను ఒళ్లో పెట్టుకుని ఏదో కథ చెబుతారు. నీకప్పుడు నాలుగేళ్లు. ఆ కథ ఏమిటో నేను మరచిపోయాను. ఫోను స్పీకరు దగ్గర పెట్టి నాకు వినిపించు.

ఆశీస్సులతో,
పెదనాన్న