సందేహాలు – సమాధానాలు: పులుపా, ఆమ్ల ఒత్తిడా?

సందేహం: పెరుగులోని బాక్టీరియా తాము తయారుచేసిన ఆమ్లాన్ని తామే ఎలా తట్టుకుంటాయో పిల్లలకు వ్యాసం రాస్తున్నాను. పుస్తకాల్లో దీన్ని ‘ఆమ్ల ఒత్తిడి’ (యాసిడ్ స్ట్రెస్) అన్నారు. ఇది తెలుగు నుడికారమేనా? ‘పులుపు’ అని రాస్తే శాస్త్రం చులకనవుతుందా?
– ఒక సైన్సు టీచరు, తెనాలి

సమాధానం: చులకన ఎందుకవుతుందండీ? పులుసు, పుల్లన, పుల్లట్టు, పులిహోర, పులిచింత, పులితేన్పు అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవే. తమిళం, మలయాళాల్లో అది పుళి, కన్నడంలో హుళి. తమిళుడికి పుళి అంటే చింతపండు కూడా. అడవిలో తిరిగే పులికీ దీనికీ చుట్టరికం లేదు. తమిళంలో ఆ జంతువు పులి, రుచి పుళి. కన్నడంలో హులి, హుళి. మనం ‘ళ’ను ‘ల’లో కలిపేయడంతో రెండూ ఒకే మాటలా వినిపిస్తున్నాయి. పులిహోర పేరు విని పిల్లలు నవ్వేది అందుకే. ఆ పేరులో ఉన్నది రుచే అని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పాలి, బడిలో మీలాంటివాళ్ళు చెప్పాలి.

ఈ వేరు నుంచి వచ్చిన క్రియ ‘పులియు’ నాకు మరీ ఇష్టం. పిండి పులుస్తుంది, పిండిని మనం పులియబెడతాం. ఇంత చక్కని జంట ఉండగా పాఠ్యపుస్తకాలు ‘కిణ్వనం’ అంటాయి. సంస్కృతంలో కిణ్వం సుర తయారీకి వేసే ద్రవ్యం. దాన్ని తెచ్చి ఇడ్లీపిండికి అంటగట్టడం నాకు బొత్తిగా నచ్చదు. పొలం పని చేసి వచ్చినవాడు ‘ఒళ్ళు పులిసిపోయింది’ అంటాడు. కండరాల నొప్పికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న పాత మాటను ఇప్పటి శాస్త్రం ఒప్పుకోదు కాబట్టి ఆ ముడి వేయకండి. నేను చూడమనేది ఆ మాట తీరును. పని భారం ఒంటి లోపలికి దిగిన సంగతిని అది ఒక్క క్రియతో చెబుతుంది. విని విని విసుగెత్తిన కబురును కూడా పులిసిపోయిందనే అంటాం.

ఇక మీ బాక్టీరియా. తోడు వేసిన పాల పీహెచ్ (పులుపును కొలిచే లెక్క, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 6.6 దగ్గర మొదలై, 4.6కి చేరేసరికి కేసీన్ అనే పాల ప్రోటీన్ గట్టిపడి పెరుగవుతుంది. లాక్టోకాకస్ లాక్టిస్ వంటివి ఒక్కో గ్లూకోజు అణువును రెండు లాక్టిక్ ఆమ్లం అణువులుగా మారుస్తాయి. బయట పులుపు ముదిరేకొద్దీ, విడిపోకుండా మిగిలిన ఆమ్లం కణపొర దాటి లోపలికి వస్తుంది. లోపల పులుపు తక్కువ, అందుకని అక్కడ విడిపోయి పులుపుకు మూలమైన హైడ్రోజన్ అయాన్, అంటే ప్రోటాన్‌ను వదులుతుంది. అంటే బాక్టీరియా తానే లోపల్నుంచి పులవడం మొదలుపెడుతుంది. నొక్కు బయటి నుంచి పడుతున్నట్టు వినిపించే ‘ఒత్తిడి’లో ఈ సంగతి రాదు. నా అభ్యంతరమంతా అక్కడే.

అప్పుడది చేసే పనులకు మన వాడుక మాటలు చాలు. పొరలోని పంపుతో ప్రోటాన్లను బయటికి తోడుతుంది, అందుకు కణానికి శక్తినిచ్చే ఏటీపీ ఖర్చవుతుంది. అమైనో ఆమ్లమైన ఆర్జినైన్‌ను విరిచి అమ్మోనియా పుట్టిస్తుంది. అది పులుపును విరుస్తుంది, పైగా కాస్త ఏటీపీ కూడా చేతికొస్తుంది. కొన్ని జాతులు మరో అమైనో ఆమ్లమైన గ్లూటమేట్‌ను గాబా అనే పదార్థంగా మారుస్తూ ఒక ప్రోటాన్‌ను వాడేసుకుంటాయి. పాలలో ఉండే సిట్రేట్ దొరికితే, లాక్టిక్ ఆమ్లానికి ముందు మెట్టయిన పైరువేట్‌లో కొంత లాక్టిక్ ఆమ్లం వైపు పోకుండా డైఎసిటైల్, ఎసిటోయిన్‌ల వైపు మళ్ళుతుంది. ఇవి ఆమ్లాలు కావు. వెన్నకు ఆ కమ్మని వాసన డైఎసిటైల్ వల్లనే. ముందుగా కొద్దిపాటి పులుపు రుచి చూసిన బాక్టీరియా, తర్వాత ఎక్కువ పులుపుకూ బతికి బయటపడగలదు. దీన్ని ‘పులుపుకు అలవాటుపడడం’ అంటే ఏం లోటు?

స్ట్రెస్ అన్నచోటల్లా ‘ఒత్తిడి’ పెట్టడం ఈమధ్య జబ్బులా పాకింది. ఉద్యోగి టెన్షన్‌కు ఒత్తిడి సరే. మొక్కకు నీళ్ళు చాలకపోతే ‘నీటి ఒత్తిడి’ అంటున్నారు! రైతు దాన్ని బెట్ట అంటాడు, ఎద్దడి అంటాడు. ‘బెట్టను తట్టుకునే రకం’ అన్న మాట వ్యవసాయశాఖ కరపత్రాల్లోనే ఉంది. ఆ దారిలోనే మీరు ‘పులుపును తట్టుకునే బాక్టీరియా’ అని రాయవచ్చు. బయటి సంగతికి ‘పులుపు తాకిడి’, లోపలి సంగతికి ‘పులుపెక్కడం’ నాకు నచ్చుతాయి.

అలాగని ‘ఆమ్ల ఒత్తిడి’ తప్పని కొట్టివేయలేను. పిల్లలు రేపు పరీక్షలో చూసేది దాన్నే. వ్యాసంలో ఒకచోట ఆ మాట చెప్పి, మిగతా అంతటా పులుపుతోనే నడపండి. పీహెచ్ లెక్క వచ్చినచోట మాత్రం ‘ఆమ్లత’ అనాల్సి రావచ్చు.