పంట కాపాడుకోవడానికి రైఫిల్ స్కోప్ తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారి పేరున ఉన్న 0.315 బోర్ రైఫిల్ లైసెన్స్ ఆయన పోయాక నా పేరు మీదికి మారింది. మా పొలం అభయారణ్యానికి ఆరేడు కిలోమీటర్ల దూరం. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకు అడవి పందులు మందలుగా వచ్చి రాత్రికి రాత్రే చేను తొక్కేస్తున్నాయి. అమెరికాలో ఉండే మా బావమరిది సంక్రాంతికి వస్తూ ఖరీదైన రైఫిల్ స్కోప్ (గురి చూడటానికి తుపాకి మీద బిగించే దుర్బిణి) ఒకటి తెస్తానంటున్నాడు. అది బిగిస్తే చీకట్లోనూ గురి తప్పదట. స్కోప్‌కు వేరే లైసెన్స్ కావాలా? దాన్ని బిగించి పందుల్ని కొడితే కేసు అవుతుందా?

జవాబు: మీ రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అసలు ప్రమాదం అక్కడే ఉంది. రాతపూర్వక అనుమతి లేకుండా అడవి పందిని కొడితే కేసు అవుతుంది. కొట్టబోయినా అవుతుంది. రైఫిల్‌కు లైసెన్స్ ఉంది కదా, పొలం మనదే కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. తుపాకి లైసెన్స్ అంటే ఆ తుపాకి దగ్గర పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే, వేటకు అనుమతి కాదు.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని సెక్షన్ 9 ఆ చట్టం షెడ్యూళ్లలో (చివర జతచేసిన జాబితాల్లో) ఉన్న అడవి జంతువుల వేటను నిషేధిస్తుంది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. ‘వేట’ అన్న మాటకు ఈ చట్టం ఇచ్చిన అర్థం చాలామందికి తెలియదు. చంపడం ఒక్కటే కాదు, గాయపరచడం, ఉచ్చు వేయడం, విషం పెట్టడం, ఎర వేయడం, తరమడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. రెండో షెడ్యూల్ జంతువు విషయంలో శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే పని అభయారణ్యం హద్దుల్లో జరిగితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. పొలం గట్టు దాటిన పందిని వెంబడిస్తూ చీకట్లో ఎటు పోతున్నారో చూసుకోని వాళ్లు ఇక్కడే చిక్కుకుంటారు.

‘ప్రయత్నం’ అన్న చోటే స్కోప్ లెక్కలోకి వస్తుంది. కొన్నేళ్ల కిందట నేను వాదించిన ఒక కేసులో ఒక్క జంతువూ చావలేదు. రాత్రి పదకొండు గంటలకు జీపులో ముగ్గురు, లైసెన్స్ ఉన్న రైఫిల్, సెర్చ్‌లైట్, సీటు కింద గోనెసంచి, రెండు కత్తులు దొరికాయి. పంచనామాలో స్కోప్‌ను ‘నల్లటి గొట్టం, రెండు వైపులా అద్దాలు, పైన తిప్పే మరలు, కింద సీరియల్ నంబరు’ అని రాశారు. రాసినాయనకు దాని పేరు తెలియదు. కానీ కోర్టులో వాదన అంతా ఆ గొట్టం చుట్టూనే తిరిగింది. ఆత్మరక్షణకు తుపాకి పట్టుకున్నవాడికి రెండు వందల గజాల అవతల చెవి కూడా కనిపించే అద్దం ఎందుకని ప్రాసిక్యూటర్ అడిగారు. నా క్లయింట్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఇంట్లో పెట్టెలో ఉన్న స్కోప్ ఒక వస్తువు. అర్ధరాత్రి చేలో రైఫిల్ మీద ఉన్నప్పుడు అదే మీ ఉద్దేశానికి సాక్ష్యం.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఆయుధాల చట్టం, 1959లోని సెక్షన్ 2 తుపాకి నిర్వచనంలోకి తుపాకి భాగాలనూ తెచ్చింది, పేలుడు శబ్దాన్నీ మంటనూ తగ్గించే పరికరాలనూ తెచ్చింది. అంటే సైలెన్సర్ ఒక్కటే దగ్గరున్నా చట్టం దృష్టిలో తుపాకి ఉన్నట్టే. స్కోప్ పేరు మాత్రం అక్కడ లేదు. అది లేకపోయినా రైఫిల్ పేలుతుంది, అదొక్కటే ఉంటే ఏదీ పేలదు. అందుకే నా అభిప్రాయంలో మామూలు అద్దాల స్కోప్ దగ్గర పెట్టుకోవడానికి వేరే లైసెన్స్ అక్కర్లేదు. అయితే ‘ఇది తుపాకి భాగమే’ అని పోలీసులు వాదనకు దిగే అవకాశం ఉంది కాబట్టి బిల్లు, సీరియల్ నంబరు ఉన్న డబ్బా భద్రంగా ఉంచుకోండి.

తేవడం దగ్గర మాత్రం మీ బావమరిది రెండు దేశాల చట్టాలు చూసుకోవాలి. రైఫిల్ స్కోపులు అమెరికా వాణిజ్య శాఖ ఎగుమతి నియంత్రణ జాబితాలో 0ఏ504 నంబరు కింద ఉన్నాయి. సూట్‌కేసులో వేసుకుని విమానం ఎక్కినా అక్కడి చట్టానికి అది ఎగుమతే. షాపులో ఎవరైనా కొనుక్కోవచ్చు కదా, తెస్తే ఏమవుతుందని చాలామంది అనుకుంటారు. కొనడానికి ఉన్న స్వేచ్ఛ దేశం దాటించడానికి లేదు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ, రేపో మాపో గ్రీన్‌కార్డు వస్తుందని ఎదురుచూసేవాడికి ఇలాంటి కేసు ఎంత నష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు. ఎగుమతి లైసెన్స్ సంగతి తేల్చుకున్నాకే ఆయన దాన్ని సర్దుకోవాలి. ఇక్కడ దిగాక కస్టమ్స్ చట్టం, 1962లోని సెక్షన్ 77 ప్రకారం సామానులో ఏముందో చెప్పాలి. చెప్పకుండా తెచ్చింది జప్తు అవుతుంది. ఇక్కడి కస్టమ్స్ అధికారులను ముందుగా ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబు ప్రింట్ తీసి దగ్గర ఉంచుకోమనండి.

ఇంకో జాగ్రత్త. ఆయన అక్కడ తుపాకి కాల్చడం సాధన చేసే రేంజ్‌కు తీసుకెళ్లే బ్యాగులోనే ఈ స్కోప్ పెట్టుకొస్తే, జేబుల మూలల్లో తూటా ఏదైనా మిగిలిపోయిందేమో వేళ్లు పెట్టి మరీ వెతకమనండి. మరిచిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయంలో దొరికిపోయి ఆయుధాల చట్టం కింద కేసు మోస్తున్నవాళ్లు ఉన్నారు. ఆయుధం తన దగ్గరుందన్న ఎరుక ఉంటేనే అది నేరమైన స్వాధీనం అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. ఆ తీర్పు చివరికి కాపాడుతుంది, నిజమే. కానీ అందాకా పాస్‌పోర్టు, ప్రయాణం, ఉద్యోగం అన్నీ టెన్షనే.

చీకట్లోనూ గురి తప్పదన్న మాట కూడా సరిదిద్దాలి. ఎంత ఖరీదైనదైనా మామూలు అద్దాల స్కోప్ ఉన్న వెలుతురునే కంటికి చేరుస్తుంది. సందెవేళ బాగా కనిపిస్తుంది, అమావాస్య చీకట్లో ఏమీ కనిపించదు. చిక్కటి చీకట్లో చూపించేవి నైట్ విజన్, థర్మల్ స్కోపులు. వాటి మీద అమెరికా ఎగుమతి నిబంధనలు ఇంకా కఠినం, ఆ ఆలోచన పూర్తిగా మానుకోండి. పైగా స్కోప్‌లో కన్ను పెట్టినవాడికి చిన్న వలయంలోదే కనిపిస్తుంది, చుట్టూ ఏముందో తెలియదు. రైఫిల్ తూటా కిలోమీటర్ల దూరం పోతుంది. పక్క చేలో మంచె మీద పడుకున్న కాపలా మనిషి ఆ వలయంలో ఉండడు.

స్కోప్ వచ్చిందే అనుకుందాం. బిగించాలంటే దాన్ని రైఫిల్ మీద పట్టి ఉంచే మౌంట్ కావాలి. మీ రైఫిల్‌కు దానికి తగిన రంధ్రాలు లేకపోతే డ్రిల్ చేయించాలి. ఊళ్లో లేత్ మిషన్ అతని దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. తుపాకి మరమ్మతు, మార్పు లాంటి పనులకు ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద లైసెన్స్ ఉండాలి, ఆ లైసెన్స్ ఉన్న డీలరే చేయాలి, రసీదు ఇవ్వాలి. డ్రిల్ తగిలి రైఫిల్ మీద నంబరు చెరిగిందా, అది అదే చట్టం సెక్షన్ 8 కింద ఇంకో కేసు.

మీరు పట్టించుకోకుండా మామూలుగా రాసిన వాక్యమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది: అభయారణ్యానికి ఆరేడు కిలోమీటర్లు అన్నారు. అభయారణ్యంలో గానీ, దానికి 10 కిలోమీటర్ల లోపు గానీ ఉంటూ ఆయుధ లైసెన్స్ ఉన్నవాళ్లు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని వన్యప్రాణి చట్టం సెక్షన్ 34 చెబుతోంది. మీ నాన్నగారు చేయించి ఉండొచ్చు. లైసెన్స్ మీ పేరుకు మారాక మీ పేరూ నమోదైందా? స్కోప్ సంగతి పక్కన పెట్టి ముందు ఆ కాగితం వెతకండి. లేకపోతే వెంటనే దరఖాస్తు పెట్టండి. లైసెన్స్ పుస్తకంలో ఏ అవసరానికి, ఏ ప్రాంతానికి ఇచ్చారో కూడా చూసుకోండి. ఆ షరతు దాటితే ఆయుధాల చట్టం సెక్షన్ 30 కింద శిక్ష ఉంది, లైసెన్స్ రద్దూ కావచ్చు.

మరి పందుల సంగతేమిటి? చట్టం రైతును గాలికి వదిలేయలేదు. పొలంలో నిలిచిన పంటకు ప్రమాదమని తేలితే రెండో షెడ్యూల్ జంతువును వేటాడేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. దీనికి మీ డివిజన్ అటవీ అధికారికి దరఖాస్తు పెట్టండి. తొక్కేసిన చేను, కాలి ముద్రల ఫొటోలు తేదీలతో తీసి జత చేయండి, పాస్‌బుక్ నకలు పెట్టండి. అదే దరఖాస్తులో పంట నష్టపరిహారం కూడా అడగండి. అనుమతి వస్తే దాన్ని అక్షరం అక్షరం చదవండి: ఎవరు కాల్చాలి, ఎక్కడ, ఎన్ని రోజులు, ఎన్నింటిని. మీ రైఫిలే వాడవచ్చని అందులో లేకపోతే అది బయటికి తీయొద్దు. చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. దాన్ని కోసి ఊళ్లో పంచితే అనుమతి ఉన్నా నేరమే. ఈ ఒక్క విషయంలో మంచివాళ్లు కూడా ఇరుక్కోవడం చూశాను.

అనుమతి లేని వేటలో రైఫిల్, స్కోప్, బండి అన్నీ సీజ్ చేస్తారు. నేరానికి వాడారని కోర్టు తేల్చేదాకా సీజ్ చేసిన వాహనం సర్కారుది కాదని, మేజిస్ట్రేటు దాన్ని మధ్యలో విడుదల చేయొచ్చని 2008లో మధుకర్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా అందాకా మీరు తిరగాల్సింది కోర్టుల చుట్టే.

రైఫిల్ వద్దన్నానని పొలం చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగకండి. దానికి పంది తగిలితే వేట కేసు, మనిషి తగిలితే ప్రాణం పోతుంది. మనిషి చనిపోతే నిర్లక్ష్యం కింద చూసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 ప్రకారం అయిదేళ్ల దాకా జైలు. ప్రమాణాల ప్రకారం అమర్చిన సోలార్ ఫెన్సింగ్ వేరు, అది షాక్ కొట్టి వదిలేస్తుంది, చంపదు. బావమరిది స్కోప్ మీద పెట్టాలనుకున్న డబ్బు దానికి ఖర్చు పెట్టమని అడగండి. సెక్షన్ 34 నమోదు కాగితం దొరికినా దొరకకపోయినా నాకు మళ్లీ రాయండి, దరఖాస్తు నమూనా పంపిస్తాను.