మోకాలి ఆపరేషన్ తర్వాత మళ్లీ కూతకు వెళ్లాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. ఆపరేషనై ఎనిమిది నెలలు దాటినా మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నావట. కబడ్డీ మాటెత్తితే లేచి వెళ్లిపోతున్నావట. అబ్బయ్యా, ఇది పిరికితనం కాదు. పాదం ప్రత్యర్థి చేతిలో ఇరుక్కుని, ఒళ్లు ఇటు తిరిగి, మోకాల్లో టక్కుమన్న ఆ క్షణం నీ ఒంటికి ఇంకా గుర్తుంది. 'ఏం కాదులేరా, దిగు' అనే స్నేహితుల మాట మాత్రం వినొద్దు.

నీ భయంలో కొంత న్యాయం ఉంది. తెగిన ఏసీఎల్, అంటే మోకాల్లో ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంటు స్థానంలో డాక్టర్లు నీ తొడ వెనక నుంచి తీసిన స్నాయువును అమర్చారు. అది లిగమెంటుగా మారే క్రమంలో మొదటి నెలల్లో ముందు బలహీనపడి, ఆ తర్వాతే గట్టిపడుతుంది. మూడో నెలకే కాలు బాగుందనిపిస్తుంది కానీ లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో, తొమ్మిది నెలల దాకా ఆట వాయిదా వేసిన ఒక్కో నెలకీ మళ్లీ దెబ్బ తగిలే ముప్పు దాదాపు సగం తగ్గింది. కాబట్టి తొందరేం లేదు.

మిగతా భయం కొలిచి చూస్తే తగ్గుతుంది. అయితే ఫిజియో సరేనన్నాకే ఇది చెయ్యి. నేల మీద సుద్దగీత గీసి, ఒంటికాలి మీద ముందుకు గెంతి, పడ్డచోట కదలకుండా నిలబడు. టేపుతో కొలువు. రెండు కాళ్లతోనూ చెయ్యి. మంచి కాలు 150 సెంటీమీటర్లు గెంతితే ఆపరేషనైన కాలు కనీసం 135 గెంతాలి. ఎదురుగా ఒకర్ని ఫోన్‌లో వీడియో తియ్యమను. నేల తాకేటప్పుడు మోకాలు లోపలికి వాలుతుంటే, దూరం ఎంత వచ్చినా ఇంకా సిద్ధం కానట్టే. భయంతో బిగుసుకుని బరువంతా మంచి కాలి మీదే వేస్తే ఆ మోకాలికీ ప్రమాదమే.

తర్వాత, నిన్ను సరిగ్గా ఏ కదలిక భయపెడుతోందో పట్టుకో. బోనస్ గీత తాకి వెనక్కి తిరగడమేనా? ఐతే ఖాళీ కోర్టులో ఒక్కడివే మెల్లగా తిరుగు. విసుగు పుట్టేదాకా అదే చెయ్యి. తర్వాత వేగం పెంచు. ఆ తర్వాత ఎటు తిరగాలో స్నేహితుడు ఆఖరి క్షణంలో చెప్పాలి. చివరికి ఒకడు నీ మడమను మెత్తగా పట్టుకోవాలి. మర్నాడు పొద్దున మోకాలు వాచిందా, ఒక మెట్టు వెనక్కి దిగు. తొడ కండరం నొప్పి ఐతే పర్లేదు. మైపాడు బీచ్ ఇసుకలో పరుగెత్తమని ఎవరన్నా చెప్పినా ఇప్పుడే వద్దు, అక్కడ అడుగు ఎటు జారుతుందో తెలీదు.

భయం సంగతి ఫిజియోకి దాచకుండా చెప్పు. దాన్ని అంచనా వేయడానికి ఏసీఎల్-ఆర్‌ఎస్‌ఐ అనే ప్రశ్నల పట్టిక కూడా ఉంది, అడుగు.

సంక్రాంతి పోటీల సంగతి తర్వాత చూద్దాం, ఎవరికీ మాటివ్వకు. ఆదివారం సాయంత్రం హైస్కూల్ గ్రౌండ్‌కి రా. ఫిజియో రాసిచ్చిన కాగితం తెచ్చుకో, గీతలు నేను గీసి ఉంచుతాను.

మీ మామయ్య
కావలి