టోపీ తీయని పాస్టర్

ప్రశ్న: లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో 2022లో టోపీ పెట్టుకున్న ఒక ఆఫ్రికన్ పాస్టర్ విగ్రహం నిలబెట్టారట. ఎవరండీ ఆయన?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: జాన్ చిలెంబ్వే అమ్మా, ఇప్పటి మలావీ ఆయన దేశం. తెల్లవాళ్ల ముందు నల్లవాళ్లు టోపీ తీసేయాల్సిన రోజుల్లో, 1914లో ఒక తెల్ల మిషనరీ పక్కన టోపీతోనే నిలబడి ఫొటో దిగాడు. విగ్రహానికి ఆ ఫొటోయే ఆధారం. చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అమెరికాలో చదివి 1900లో తిరిగొచ్చి బడులు పెట్టాడు, ఇటుకల చర్చి కట్టాడు. దగ్గర్లోని తెల్లవాళ్ల ఎస్టేట్‌లో ఉండే నల్లవాళ్లకు అద్దెకు బదులు వెట్టిచాకిరీ. అక్కడ ఆయన మనుషులు కట్టుకున్న ప్రార్థనా మందిరాలను మేనేజరు తగలబెట్టించాడు. సంబంధం లేని మొదటి ప్రపంచ యుద్ధంలో మావాళ్లెందుకు చావాలని పత్రికకు ఉత్తరం రాస్తే సెన్సార్ ఆపేసింది. 1915 జనవరిలో బ్రిటిష్ పాలన మీద తిరగబడ్డాడు. మేనేజరుతో కలిపి ముగ్గురు తెల్లవాళ్లు హతమయ్యారు. హత్యలను నేను సమర్థించలేను. ఆడవాళ్లను, పిల్లలను మాత్రం ప్రాణాలతో వదిలేశారు. ఫిబ్రవరి 3న ఆయన్ని కాల్చి చంపారు. ఆ ఇటుకల చర్చినీ ప్రభుత్వం కూల్చేసింది.