కోచ్ అయితే చెయ్యి పాడవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సీఈసీ, ఇప్పుడు బీకాం ఫైనలియర్. యూనివర్సిటీ జట్టుకు టెన్నిస్ ఆడింది. కోచ్ అవుతానంటోంది. తనకు నేర్పిన సార్‌కి నలభై దాటగానే మోచేతికి పట్టీ, భుజానికి ఇంజెక్షన్లు. చూస్తుంటే టెన్షన్‌గా ఉంది. ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్... ఈ రెండిట్లో ఏది మేలు?
- ఓ తండ్రి, గుంటూరు

జవాబు: ఫిజియోథెరపీ డిగ్రీ అయిన బీపీటీకి ఇంటర్‌లో బైపీసీ కావాలి, మీ అమ్మాయిది సీఈసీ. కాబట్టి ఫిజియోథెరపీ మాట ఇక వద్దు.

మీరు గమనించింది నిజమే. కోచ్‌లకు మోచేయి, భుజం, నడుము, మోకాళ్లు ఇబ్బంది పెడతాయి. బుట్టలోంచి బంతి తీసి, నిలుచున్న చోటి నుంచే, ఒకే పక్కకు తిరిగి, అదే షాట్ వందలసార్లు కొట్టాలి. పిల్లలతో వార్మప్ చేయిస్తారు, తాము మాత్రం చెయ్యరు. టెన్నిస్ ఎల్బో ఒక్కరోజులో రాదు. మణికట్టును వెనక్కి లేపే కండరాలు మోచేయి బయటివైపు ఎముకకు అతుక్కునే చోట టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి భాగం) మెల్లమెల్లగా దెబ్బతింటుంది. మొదట్లోనే పని తగ్గించి, ముంజేతికి బలమిచ్చే వ్యాయామాలు చేస్తే ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది.

ఆ తగ్గించడమే కుదరదు. మన ఊళ్లలో చాలామంది కోచ్‌లకు గంటల లెక్కన డబ్బు. వారం ఆగితే ఆ వారం ఆదాయం లేదు. అందుకని నొప్పి మాత్ర వేసుకుని కోర్టులోకి దిగుతారు, చిన్న నొప్పి కాస్తా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. నేనైతే ఆటకన్నా ఈ ఏర్పాటునే ఎక్కువ తప్పుపడతాను.

ఇక స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్. ఈమధ్య ప్రతి తల్లిదండ్రీ ఇదే అడుగుతున్నారు. లక్షల ఫీజు, మెరిసే బ్రోచర్, చివర్లో ఏ ఈవెంట్ కంపెనీలోనో తక్కువ జీతం ఇంటర్న్‌షిప్. అందరికీ ఇలాగే అవుతుందని అనను. కానీ పాత విద్యార్థులు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో పేర్లతో చెప్పలేని కాలేజీకి రూపాయి కట్టకండి. పైగా ఈ కోర్సు అమ్మాయి అడగలేదు, మీరు అడుగుతున్నారు. ఇన్నేళ్లూ మ్యాచ్‌లకు తిప్పారు కదా, అప్పుడు ఆమె భుజం గుర్తురాలేదా? గెలుస్తుందనుకున్నంత కాలం నొప్పులు మామూలే అయ్యాయి. కోచ్ అవుతాననేసరికి ప్రమాదమైంది. మీ బెంగ మోచేతి గురించి కాదు, నలుగురూ ఏమంటారోనని. అది ఆమె నెత్తిన రుద్దకండి.

ధైర్యంగా ఉండండి. ఆమెకు ఆట వచ్చు, చదువూ ఉంది. పటియాలా ఎన్‌ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా, ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) లెవెల్ వన్ కోచింగ్ కోర్సు వంటివి చూడమనండి, వివరాలు వాళ్ల వెబ్‌సైట్లలో దొరుకుతాయి. చిన్నపిల్లలకు రాకెట్‌తో కాకుండా చేత్తోనే బంతి వెయ్యడం, పిల్లలనే ఒకరితో ఒకరిని ఆడించి తాను పక్కన నిలబడి సరిదిద్దడం మొదటి నుంచీ అలవాటు చేసుకోవాలి. బంతులు ఏరడానికి వంగక్కర్లేని గొట్టాలు దొరుకుతాయి, కొనివ్వండి.

అకాడమీలో చేరేముందు రెండు సంగతులు అడగమనండి: రోజుకు ఎన్ని గంటలు బంతులు వెయ్యాలి, నొప్పితో ఆగిన రోజులకు జీతం ఇస్తారా. జవాబు కాగితం మీద తీసుకోవాలి.