ఆ పొట్లం పట్టుకున్న పిల్లవాడి గురించి రాయి

ప్రియమైన తమ్ముడికి,

వందనాలు. నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన ‘సేవలో ఒక రోజు’ వ్యాసమూ అందాయి. మొదటిసారి చదివినప్పుడు పక్కన పెట్టేద్దామనుకున్నాను. నాలుగో పేజీలోని ఒక వాక్యం పెట్టనివ్వలేదు.

మీ చర్చి యువజనులు హైదరాబాదులో బస్సు మాట్లాడుకుని దివిసీమ వెళ్లారు. అనాథాశ్రమంలో గోడలకు రంగులు వేశారు, పిల్లలకు పాటలు నేర్పారు, మధ్యాహ్నం బిర్యానీ వడ్డించారు, సాయంత్రం కానుకలు పంచి ఏడుస్తూ బస్సెక్కారు. ‘నా హృదయం’ అన్న మాట దాదాపు ప్రతి పేజీలోనూ ఉంది. హృదయం కరిగింది, బరువెక్కింది, ఉప్పొంగింది. పిల్లల వంతుకు మాత్రం ‘అమాయకమైన కళ్లు’ మిగిలాయి. అంతమంది పిల్లల్లో ఒక్కడైనా అల్లరివాడు లేడా? మీ పాట నచ్చని పిల్ల ఒక్కతైనా లేదా? మీరు వేసిన రంగు బాగాలేదని ఎవరూ అనుకోలేదా?

ఇక ఆ వాక్యం. ‘వరుసలో వచ్చిన ఒక చిన్నబాబు పొట్లం అందుకోగానే గుండెలకు ఆనించుకుని, ఫోను వైపు తిరిగి నవ్వుతూ నిలబడ్డాడు, ఎవరూ చెప్పనే లేదు’ అని రాశావు. నీకు ముచ్చటేసింది. వెంటనే మళ్లీ నీ హృదయం దగ్గరికి వెళ్లిపోయావు. నేను మాత్రం ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎవరూ చెప్పకుండా వాడికెలా తెలిసింది? మీకంటే ముందు ఎన్ని బస్సులు వచ్చి ఉంటాయి? పొట్లాన్ని అప్పుడే విప్పకూడదనీ, ముందు ఫోటో అవ్వాలనీ, నవ్వు కాస్త ఎక్కువసేపు నిలపాలనీ అంత చిన్న వయసులో నేర్చుకున్నాడంటే, నేర్పింది అతిథులే. నువ్వు రాయవలసిన కథ అదీ. చూసే కన్ను నీకుంది. అందుకే ఈ ఉత్తరం.

నేనూ ఆ వరుసలో నిలబడినదాన్నే. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా నాన్న పోయాడు. అమ్మ మిగిలింది. నాట్లకూ కలుపులకూ వెళ్లే అమ్మ నన్ను సాకలేక మిషను బోర్డింగులో చేర్చింది. అతిథులు వచ్చే రోజున మమ్మల్ని చీకటితోనే లేపేవారు. తలంట్లు, బిగించి అల్లిన జడలు, పెట్టెలో దాచిన ఆదివారం గౌన్లు. పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. వాళ్ల కారు ఆలస్యమైతే మా అన్నమూ ఆలస్యమయ్యేది. వంటావిడ గంజి వార్చిన డేగిసా మీద మూత పెట్టి, దాని మీద తడిగుడ్డ కప్పి, మాటిమాటికీ గేటు వైపు చూస్తుండేది.

‘మీ అమ్మానాన్నలు ఏరమ్మా’ అని అతిథులు అడిగేవారు. ‘అమ్మ ఉందండీ, కూలికి వెళ్తుంది’ అంటే వాళ్ల ముఖంలో ఏదో తగ్గిపోయేది, చెయ్యి నా తల మీద నుంచి పక్క పిల్ల తల మీదికి వెళ్లిపోయేది. పిల్లలం అది కనిపెట్టాం. అబద్ధం చెప్పమని ఎవరూ మాకు నూరిపోయలేదు. తర్వాత్తర్వాత అమ్మ మాట ఎత్తడం మేమే మానేశాం.

ఇదంతా కథగా రాసి ఒక పత్రిక క్రిస్మస్ సంచికకు పంపాను. సంపాదకుడు కబురు పెట్టి పిలిపించాడు. ‘తల్లి బతికుండగా అనాథ ఎలా అవుతుందమ్మా? ఆవిడ కూడా ఉప్పెనలో పోయినట్టు మార్చండి, మొదటి పేజీలో వేస్తాం’ అన్నాడు. కాగితం మీదైనా సరే మా అమ్మను చంపనని చెప్పి వచ్చేశాను. ఆ కథ చాలా కాలం తర్వాత, ఎక్కువమంది చూడని ఒక చిన్న పత్రికలో వచ్చింది. ఆ సంపాదకుడి మీద కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గాలనీ లేదు. డిసెంబరు రాగానే మన పత్రికలకు ఒక అనాథ కావాలి, ఆ అనాథకు ఎవరూ ఉండకూడదు. హోముల్లో పెరిగే పిల్లల్లో ఎందరికో తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేదరికం, వలస, జబ్బు, మారు పెళ్లి, బడి దూరం, ఇలా ఎన్నో కారణాలు వాళ్లను అక్కడికి చేరుస్తాయి. నీ వ్యాసంలో కూడా అందరూ ‘ఎవరూ లేని పసివాళ్లే’. ఎవరు చెప్పారు నీకు? పిల్లల్ని అడగవద్దు, ఆ ప్రశ్న వాళ్లను చాలా వేధించింది. వార్డెన్‌ను అడిగి ఉండవలసింది.

నేను ఎవరికైనా చెప్పేది ఒకటే, ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు లేదు. అతిథి కన్నీళ్లు కథ కావు. బస్సు వెళ్లిపోయాక అక్కడ ఉండేవాళ్ల పని కథ. ఆ బిర్యానీ గిన్నెలు ఎవరు తోమారు? మీరు వేసిన రంగు చుక్కలు గచ్చు మీద పడితే ఎవరు గీకారు? రాత్రి పక్క తడిపిన పిల్లవాడి దుప్పటి ఎవరు ఉతికారు? ఆ ఇంటికి రోజూ ఎన్ని కిలోల బియ్యం కావాలి, నెలాఖరున ఏ కొట్టువాడు అరువిస్తాడు? ఇవి తెలియకుండా ఆ ఇంటి గురించి ఒక్క పేజీ కూడా రాయలేవు. నా చిన్నప్పుడు ఏడ్చిన అతిథులు చాలామంది వచ్చారు. ఒక్కరి ముఖమూ గుర్తులేదు. గుర్తున్నది మిషను ఆసుపత్రి నర్సమ్మ. శనివారాల్లో వచ్చి, నేల మీద కూర్చుని, గజ్జి పట్టిన మా వేళ్ల సందుల్లో మందు రాసేది. ఎవరు వంకాయ తినరో, ఎవరు చీకటికి భయపడతారో ఆవిడకు తెలుసు. ఆవిడ మీద నేను రాసినన్ని పేజీలు ఇంకెవరి మీదా రాయలేదు.

ఏం చదవమంటారని అడిగావు. జార్జి ముల్లర్ లెక్కలు చదువు. ఆయన 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఒక అద్దె ఇంట్లో అనాథ బాలికలకు ఆశ్రమం తెరిచాడు. అదే ఏడాది ఆయన బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట బౌడెన్, బీర్ కుటుంబాలు మన దేశానికి వచ్చి, తర్వాత నర్సాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషను పని మొదలుపెట్టాయి. అందుకని ముల్లర్ మనకు మరీ పరాయివాడు కాడు. ఏటేటా ఆయన అచ్చువేసిన నివేదికల్లో ప్రార్థనలతో పాటు ఎవరో ఇచ్చిన పళ్లేలు, కత్తులు, దుప్పట్లు, కాసిని పెన్నీలు కూడా ఉంటాయి. ఆ జాబితా చదువుతుంటే ఇల్లు కళ్లముందు లేస్తుంది. ‘అమాయకమైన కళ్లు’ చదివితే ఏమీ లేవదు.

ఈ మధ్య ఇంకో ధోరణి బయల్దేరింది. మిషను అనగానే మతమార్పిడి దుకాణమని తేల్చేసి వెక్కిరిస్తూ రాయడం. బోర్డింగు అన్నం ఒక్క పూట కూడా తినని వాళ్లు ఆ వెక్కిరింతకు చప్పట్లు కొడతారు. నీ సాక్ష్యం లాంటి వ్యాసానికి చర్చిలో చప్పట్లు కొట్టేవాళ్లకూ వీళ్లకూ నాకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరికీ ఆ పిల్లవాడు అక్కర్లేదు. నీకు విశ్వాసం ఉంది, దాన్ని దాచుకోవద్దు. కానీ కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న మాట మత్తయి సువార్తలో నువ్వూ చదివావు. రాసేవాడికి ఆ మాట మరీ వర్తిస్తుంది.

ఒక విషయంలో మాత్రం నిన్ను గట్టిగా కోప్పడాలి. ఆ హోము పేరు, ఊరు, ముగ్గురు పిల్లల అసలు పేర్లు రాశావు, ఫోటోలు జత చేశావు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణలో ఉన్న పిల్లల గుర్తింపు తెలిసేట్టు పేరు గానీ, చిరునామా గానీ, ఫోటో గానీ ప్రచురించడం నేరం. ఆరు నెలల వరకు జైలు, లేదా రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచు. ఆ ముగ్గురిలో ఉన్న అమ్మాయి రేపు కాలేజీలో చేరుతుంది, పెళ్లి చేసుకుంటుంది. పొట్లం పట్టుకుని నిలబడిన తన ఫోటో అప్పుడు ఎవరి ఫోనులో ఉండాలో నిర్ణయించే హక్కు నీకు ఎవరిచ్చారు? నా దగ్గరున్న వాటిని చెరిపేశాను, నువ్వూ చెరిపెయ్యి, బస్సులో నీతో వచ్చిన వాళ్లకూ చెప్పు.

దోర్నకల్ బిషప్ అజరయ్య పేరు మీ ఇంట్లో పెద్దలు అనగా వినే ఉంటావు. ఆయన బిషప్ కావడానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడారు. ఎదురుగా కూర్చున్నది ఎక్కువగా తెల్ల మిషనరీలే. మీ ఆస్తిని బీదలకిచ్చారు, మీ శరీరాలను కాల్చబడటానికి అప్పగించారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. వాళ్లలో చాలామందికి ఆ మాట మింగుడుపడలేదు. ఆ సభలో తెల్లవాళ్లు కూర్చున్నచోట ఇవాళ మనం కూర్చున్నాం, హైదరాబాదు నుంచి బిర్యానీతో వెళ్లిన మనం. ఆ చిన్నబాబు నిన్ను ఏమీ అడగలేదు, ఫోటోకు నిలబడ్డాడు అంతే. అడగవలసి వస్తే ఏం అడిగేవాడో ఆలోచించి రాయి.

ముందు నీ వ్యాసంలో ‘నేను’ ఉన్న పేరాలన్నీ తీసెయ్యి. మిగిలింది అర పేజీ ఉంటుందేమో, పర్వాలేదు. తర్వాత వార్డెన్‌కు ఫోను చేసి, అనుమతి ఇస్తేనే, పండగా కార్యక్రమమూ లేని మామూలు మంగళవారం ఒక్కడివే వెళ్లు. కానుకలు పట్టుకెళ్లకు. వంటావిడ పక్కన కూర్చుని కూరగాయలు తరుగు, ఆవిడ చెప్పింది విను, నోటుపుస్తకం సంచిలోనే ఉంచు. తిరిగి వచ్చాక రాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి, పక్కన ఖాళీ వదులు, నేను దిద్దాలి.

ప్రేమతో,
అక్క